శస్త్రవైద్యుని మెడ, నడుము

ఆపరేషను అనగానే మన దృష్టి బల్లమీద పరుండిన రోగిమీదికే పోవును. అది సహజము. వరండాలో కూర్చుండి తలుపువైపే చూచుచుండు బంధువులకు లోపలనున్న ఆ ఒక్క మనిషియే లోకము. వైద్యుడు తలుపు తెరచికొని వచ్చి, "భయము లేదమ్మా, బాగా జరిగినది" అని చెప్పునప్పుడు, ఆయన ఒక చేతిని నడుముమీద ఆనించుకొని నిలుచుండుట ఎవరును గమనింపరు. మేమును చాలకాలము గమనింపలేదు. మా దగ్గరి బంధువొకరికి పేగు ఆపరేషను జరిగిననాడు, నాలుగు గంటల తరువాత వచ్చిన వైద్యుడు రోగి సంగతి ఓపికగా చెప్పి, పిదప గోడకు వీపు ఆనించి, కన్నులు మూసికొని కొంతసేపు నిలిచిపోయెను. "అయ్యా, నిద్ర లేదా?" అని అడిగితిమి. "నిద్రకేమి, మెడ తిరుగుటలేదు" అని ఆయన నవ్వెను. ఈ వ్యాసమునకు ఆ నవ్వే కారణము.

హైదరాబాదునుండి విజయవాడకు పోవు పెద్దరోడ్డుమీద, అద్దంకి దారి చీలుచోట నార్కట్‌పల్లి యున్నది. చెర్వుగట్టు జడల రామలింగేశ్వరస్వామి దర్శనమునకు పోవువారికి ఆ ఊరు క్రొత్తది కాదు. 1999లో అచ్చట కామినేని వైద్యవిజ్ఞాన సంస్థ వెలసినది. అది వైద్యకళాశాల, దానికి చేరి ఆసుపత్రి యున్నది. పెద్దరోడ్డు ప్రక్కనున్న ఇట్టి ఆసుపత్రులకు వచ్చు పనిని ఊహించుకొనవచ్చును. విరిగిన తొడయెముకలు, పిత్తాశయపు రాళ్లు, పొలము పనిచేయువారి గిలకలు, కష్టమైన కాన్పులు. కత్తి పట్టుట నేర్చుకొను పడుచు వైద్యులు ఎం.ఎస్. చదువు మూడు సంవత్సరములును ఇట్టి చోటులనే గడపుదురు. ముడి ఎట్లు వేయవలెనో, రక్తనాళమును ఎట్లు కాపాడవలెనో వారికి నేర్పుదురు. ఎట్లు నిలుచుండవలెనో నేర్పుట మాత్రము మన దేశమున ఎచ్చటనైనను అరుదు. పట్టణములో ఒక సర్జనుకు నడుము పట్టివేసినచో మరియొకరు దొరకుదురు. జిల్లాలో ఆ ఒక్కరు సెలవు పెట్టినచో ఆ వారము రోగులు నూరు కిలోమీటర్లు పోవలసివచ్చును. కాబట్టి ఇది వైద్యుల సొంతగోడు మాత్రమే కాదు.

పనిని మనిషికి అనువుగా అమర్చు శాస్త్రమునకు ఎర్గొనామిక్సు అని పేరు. గ్రీకు భాషలో పని, నియమము అను రెండు మాటల కూడిక అది. 1857లో యాస్త్రెంబోవ్‌స్కి అను పోలండు పండితుడు మొదట ఈ మాటను వాడెను. అది మరుగునపడగా 1949లో ఇంగ్లాండులో మరల పుట్టినది. పేరు పరదేశమునదే కాని సంగతి మన ఇండ్లలోనిదే. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో దీనికి మించిన ఉదాహరణము వెదకనక్కరలేదు.

ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశము అను నేతపనివారి బిడ్డ కలడు. పోచంపల్లి తరహా చీరకు నూలును రంగులో ముంచుటకు ముందు ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగా నాటిన మేకులచుట్టును దారమును క్రిందికి మీదికి త్రిప్పుచు పోవలెను. ఒక్క చీరకు చేయి సుమారు తొమ్మిదివేల మారులు ఇటునుండి అటు పోవును. ఆ పని ఇంటి ఆడువారిది. మల్లేశము తల్లి లక్ష్మమ్మ భుజపు నొప్పితో, "ఇక ఆసు పోయలేను నాయనా" అనుచుండెడిది. ఆ మాట వినలేక ఆయన కొన్నేండ్లు తంటాలు పడి, 1999లో ఆసు పోయు యంత్రమును సిద్ధము చేసి దానికి తల్లిపేరే పెట్టెను. 2017లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చినది. నార్కట్‌పల్లిలో వైద్యకళాశాల వెలసిన సంవత్సరమును, ఆ యంత్రము తిరిగిన సంవత్సరమును ఒకటే. ఇది కాకతాళీయమే, అయినను చెప్పకుండ ఉండలేకపోతిమి.

మల్లేశము చేసినదేమి? తల్లిని ఓర్చుకొమ్మనలేదు, మందు రాయించి ఊరకుండలేదు. నొప్పి పుట్టుచున్నది భుజములో కాదు, పని అమరికలో అని గ్రహించెను. గుంటమగ్గమును చూడుడు. నేతగాడు గుంట అంచున కూర్చుండి కాళ్లు లోపలికి వదలును. నేయు బట్ట సరిగా మోచేతి మట్టమునకు వచ్చును. భుజము ఎత్తనక్కరలేదు, ముంజేయి నేలకు సమముగా నిలుచును. ఏ శాస్త్రజ్ఞుడు కొలిచి చెప్పెనో తెలియదు కాని, ఈనాడు ఆపరేషను బల్లకు చెప్పుచున్న మొదటి సూత్రము అదియే: పని మోచేతి మట్టమున ఉండవలెను.

ఆపరేషను గదిలో ఈ సమస్య ఎప్పటినుండి మొదలైనది? మత్తుమందు లేని కాలములో శస్త్రచికిత్స నిమిషముల పని. రోగి అరచుచుండగా నలుగురు పట్టుకొనియుండగా కాలు తీసివేయవలెను. లండనులో రాబర్టు లిస్టను అను వైద్యుడు ఆ వేగమునకే పేరుపొందినవాడు. 1846లో ఈథరు వచ్చినది. మరుసటి ఏడు క్లోరోఫారము వచ్చినది. మన హైదరాబాదులోనే 1888, 1889 సంవత్సరములలో ఎడ్వర్డు లారీ ఆధ్వర్యమున క్లోరోఫారము పరిశోధక సంఘములు పనిచేసి ప్రపంచ వైద్యపత్రికలకు ఎక్కినవి. వాటి తీర్మానములపై చెలరేగిన వాదము వేరొక కథ. మనకు కావలసినది ఇంతే: రోగి నొప్పి లేక నిద్రించుట మొదలుపెట్టినదాది సర్జను గంటలకొలది నిలుచుండుట మొదలుపెట్టినాడు. ఒకరి బాధ తీరినది, మరియొకరి బాధ నెమ్మదిగా తలయెత్తినది.

ఆ బాధ ఎట్లు పుట్టునో చూతము. మన తల బరువు సుమారు అయిదు కిలోలు. నిటారుగా నున్నప్పుడు వెన్నెముక ఆ బరువును స్తంభమువలె మోయును. తల ముందుకు వాలగానే త్రాసు తప్పును. మెడవెనుక కండరములు వెనుకకు లాగి పట్టుకొనవలెను. 2014లో న్యూయార్కు వెన్నెముక వైద్యుడు హన్స్‌రాజు లెక్కకట్టి చూపినదేమనగా, తల 15 డిగ్రీలు వంగినప్పుడు మెడపై భారము సుమారు 12 కిలోలు. 30 డిగ్రీలకు 18 కిలోలు. 60 డిగ్రీలకు 27 కిలోలు. సగము బియ్యపు బస్తాను మెడకు వ్రేలాడదీసికొని నాలుగు గంటలు సన్నని దారముతో కుట్టుపని చేయుమన్నట్లున్నది.

మరియొక సంగతి. బరువు మోసి నడచుట వేరు, బరువు పట్టి కదలకుండుట వేరు. నమ్మకము లేనివారు నిండుచెంబును చాచిన చేతితో పట్టుకొని, రేడియోలో వార్తలు ముగియువరకు నిలుచుండి చూడవచ్చును. బిందెడు నీళ్లు ఇంటికి తెచ్చు ఇల్లాలికి రాని నొప్పి ఆ చెంబుతో వచ్చును. కదలుచున్న కండరము ముడుచుకొనుచు, విచ్చుకొనుచు రక్తమును తానే త్రోసికొనును. బిగిసియున్న కండరములో రక్తపు రాక తగ్గును. సర్జను ప్రక్కన కొక్కెములు లాగిపట్టి నిలుచుండు జూనియరుది సరిగా ఆ నిండుచెంబు పని. ఎముకల డాక్టరులకు, ఎక్స్‌రే వెలుగులో పనిచేయువారికి దీనిపై అయిదారు కిలోల సీసపు కోటు ఒకటి.

బొడ్డు దగ్గర చిన్న రంధ్రము చేసి దుర్భిణితో లోపల చూచు పద్ధతి, అదే లాపరోస్కోపి, వచ్చినతోడనే ఈ కష్టములు తీరునని అందరును తలచిరి. జర్మనీలో 1985లో ఎరిక్ మ్యూహె ఈ రీతిని పిత్తాశయమును తీసెను. మన దేశమున 1990లో బొంబాయిలో తెహెమ్‌టన్ ఉద్వాడియా చేసెను. రోగికి అది వరమే. గాయము చిన్నది, మూడవనాటికి ఇల్లు చేరును. వైద్యునికి మాత్రము నొప్పి చోటు మారినది, అంతే. పొట్టను వాయువుతో ఉబ్బించుటచేత పని ఎత్తు పెరిగినది. పరికరములు మూరెడు పొడవు. వాటి పిడులు బల్లకంటె చాల ఎత్తున నుండును. బల్ల పాత మట్టముననే యుంచినచో భుజములు రెక్కలవలె లేచిపోవును. పరికరము రంధ్రపు అంచునే ఇరుసు చేసికొని తిరుగును గనుక, చేయి కుడికి పోయిన మొన ఎడమకు పోవును. పిడి నొక్కిన బలములో చాలభాగము దారిలోనే వృథా యగును. పిడి ఉంగరములు బొటనవ్రేలి నరమును నొక్కి, తిమ్మిరి పుట్టించుట అందరెరిగినదే. చూడవలసిన తెర ఒక మూలనున్నచో చేతులొకవైపు, ముఖమొకవైపు. దీనికితోడు రక్తము ఆపు విద్యుత్పరికరమునకు కాలి మీట యుండును. దానిమీద ఒక పాదము ఎత్తి పట్టి, ఒంటికాలి కొంగవలె నిలుచుండవలెను.

2010లో ఇట్టి ఆపరేషనులు చేయు సర్జనులను 317 మందిని ఒక అమెరికా బృందము అడిగినప్పుడు, నూటికి 87 మంది ఏదో ఒక నొప్పి యున్నదనిరి. 2018లో అనేక పరిశీలనలను కలిపి చూచిన మరియొక బృందము, ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరికి మెడ ఎముకలు అరిగినవని లెక్కతేల్చినది. నొప్పితో నున్న చేయి వణకునో లేదో మేము చెప్పలేము. అలసిన మెడతో నున్నవాడు ఆపరేషను చివర తొందరపడునని మాత్రము ఎవరైనను ఊహింపగలరు. నల్లగొండ వాసులకు వెన్ను వంగుట యనిన ఏమో చెప్పనక్కరలేదు. ఫ్లోరైడు నీళ్లు త్రాగి బిగిసిపోయిన నడుములను తరములుగా చూచిన జిల్లా ఇది. ఆ నీటిని పటికతో, సున్నముతో శుద్ధి చేయు ఉపాయమునకు దేశాంతరములలో సయితము నల్లగొండ పద్ధతి యనియే పేరు. అచ్చట తప్పు నీటిలో ఉండెను. ఇచ్చట తప్పు బల్ల ఎత్తులో నున్నది. దీనికి పటిక కూడ అక్కరలేదు.

ఇక నేర్పుట ఎట్లు? సుశ్రుతుడు శిష్యులచేత గుమ్మడికాయమీద, దోసకాయమీద కోతలు నేర్పించెను. దట్టమైన బట్టమీద, మెత్తని తోలుమీద కుట్లు వేయించెను. రోగిని ముట్టుటకు ముందు అభ్యాసము అనునది అంత పాతమాట. ఈనాటి కళాశాలలలో ఆ గుమ్మడికాయ స్థానమున ఒక పెట్టె యుండును. దానికి రంధ్రములు, లోపల చిన్న కెమెరా, ఎదుట తెర. విద్యార్థులు దానిలో గింజలు ఎత్తుట, దారము ముడివేయుట సాధన చేయుదురు. ఆ పెట్టెను ఏ బల్లమీదనో పెట్టి వంగి సాధన చేసినచో, చేతికి నేర్పుతోపాటు నడుముకు వంకరయు అభ్యాసమగును. కావున మొదటి పాఠము ఆ పెట్టెతోనే ఆరంభింపవలెను. భుజములు వదలి, మోచేతులు ఒడలిప్రక్కన ఉంచి, ముంజేతులు నేలకు సమముగా నిలిపి, పరికరపు పిడి ఆ మట్టమునకు వచ్చునట్లు పెట్టెను దింపవలెను. తెర ఎదురుగా నుండవలెను. కంటి మట్టమునకు పైన కాదు, సుమారు 15 డిగ్రీలు దిగువన. దీపస్తంభమును చూచినట్లు తలయెత్తి చూచువాని మెడ సాయంత్రమునకు చెప్పును, తెర ఎచ్చట నుండెనో.

రెండవ పాఠము ఫొటో. ఎవరి భంగిమ వారికి తెలియదు. ఆపరేషను నడుమ ప్రక్కనుండి ఒక ఫొటో తీసి మరునాడు చూపినచో, "ఇది నేనేనా?" అని ఆశ్చర్యపడనివారుండరు. రోగి ముఖము, ఒడలు అందులో పడరాదు, అది ముఖ్యము. ఆ ఫొటోమీద మెడ ఎన్ని డిగ్రీలు వంగెను, భుజము ఎంత ఎత్తున నున్నది అని గుర్తులు వేయుటకు కొలత పట్టికలు గలవు. 1993లో నాటింగ్‌హామునందు మకాటమ్నీ, కార్లెట్ అనువారు చేసిన పట్టిక ఫ్యాక్టరీ పనివారికొరకు పుట్టినది. మగ్గమువానికిని సర్జనుకును అదే పట్టిక సరిపోవును. మెడకు, నడుముకు పనివాడెవరో తెలియదు గదా!

మూడవది అన్నిటికంటె కష్టము. అది శరీరమునకు సంబంధించినది కాదు, మర్యాదకు సంబంధించినది. బల్ల ఎత్తు ఎవరికి అనుగుణముగా పెట్టుదురు? పెద్ద డాక్టరుగారికి. ఆయన ఆరడుగుల మనిషి. ఎదుట నిలుచున్న విద్యార్థిని అయిదడుగులు. ఆమె గంటన్నరసేపు మునివ్రేళ్లమీద నిలుచుండి కొక్కెము పట్టును. కెమెరా పట్టుకొను పిల్లవాడు సర్జను చంకక్రింద నుండి చేయి దూర్చి, వీపు మెలిపెట్టి నిలుచును. "సార్, బల్ల కొంచెము దింపమందురా?" అని అడుగుటకు నోరు రాదు. "ఆపరేషను నేర్పుచుండగా నడుమునొప్పి అనునా?" అని సారు అనుకొందురేమో అను సంకోచము. అందులో ఆడపిల్లయైనచో మరింత. చిన్న చేతి తొడుగులు వాడువారికి ఈ పరికరముల పిడులు పెద్దవై పట్టు కుదరదని పరిశీలనలు చెప్పుచున్నవి. వాటిని గీసినవారు మగవారి చేతిని కొలిచిరి కాబోలు. అయినను ఆ పిల్ల, తనకే నేర్పు తక్కువ అనుకొని ఊరకుండును.

దీనికి మందు, అడుగకుండనే అడిగినట్లు చేయుట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషను గదులకు ఒక పట్టిక నిచ్చినది. కోత పెట్టుటకు ముందు అందరును ఒక నిమిషము ఆగి, రోగి పేరు, చేయు పని, కుడియో ఎడమయో పైకి చదువుకొందురు. ఆ నిమిషములోనే మరి రెండు ప్రశ్నలు చేర్చవచ్చును: బల్ల ఎత్తు అందరికి సరియేనా? తెర అందరికి కనబడుచున్నదా? పొడుగరికి అనుకూలముగా బల్లనుంచి, పొట్టివారు పీటలెక్కుట సులభమైన మార్గము. పీటనుండి పొడుగరి దిగలేడు. నేలలో గుంట త్రవ్వలేము, మగ్గమువలె. ప్రశ్న అడుగువాడు పెద్ద డాక్టరే యైనచో, "నాకు పీట కావలెను సార్" అనుట పిల్లలకు తప్పుగా తోచదు. ఈ శతాబ్దమునకు ముందు, 1910 ప్రాంతమున, అమెరికాలో ఫ్రాంకు గిల్‌బ్రెతు అను పనితీరుల పరిశోధకుడు ఆపరేషనులను చలనచిత్రముగా తీసి చూచెను. సర్జను కత్తికొరకు తానే వెదకికొనుచు ఎంత కాలము పోగొట్టుకొనుచున్నాడో చూపి, అడిగినంతనే చేతిలో పెట్టుటకు ఒకరుండవలెనని వాదించెను. చాచిన చేతిలో సిస్టరు కత్తెర పెట్టు దృశ్యము ఈనాడు సినిమాలలో సయితము చూచుచున్నాము. మొదట అదియు వింతగానే తోచియుండును.

విశ్రాంతి సంగతి. ఆపరేషను నడుమ ఆగుట యనిన రోగి బంధువులకు గుండె గుభేలుమనును. అయినను జర్మనీలో పిల్లల ఆపరేషనులలో 25 నిమిషములకొకసారి అయిదు నిమిషములు ఆగి చూచిరి. 2011లో వెలువడిన ఆ ఫలితములలో మొత్తము కాలము పెరుగలేదు, వైద్యుల అలసట తగ్గినది. 2017లో అమెరికావారు మరింత చిన్న విరామము చాలుననిరి. ఇరువది నుండి నలువది నిమిషములకొకసారి, ఒకటిన్నర రెండు నిమిషములు. చేతి తొడుగులు విప్పనక్కరలేదు. చేతులు రొమ్ముముందు, నడుముకంటె దిగువకు రాకుండ పట్టుకొని, గడ్డము వెనుకకు లాగి, భుజములు వెనుకకు త్రిప్పి, మడమలు ఎత్తి దింపిన చాలును. రక్తము కారుచున్నప్పుడు ఎవరును ఆగరు, ఆగరాదు. ఆగదగిన చోటును గుర్తించుటయే నేర్పు. గడియారము చూచి గుర్తుచేయు పని మత్తువైద్యునికి గాని సిస్టరుకు గాని అప్పగించుట మేలు. పనిలో మునిగినవానికి గంట నిమిషముగా తోచును.

కంటివైద్యుల సంగతి ఒక్కమాట. వారు కూర్చుండియే పనిచేయుదురు గాని, రెండు పాదములును రెండు మీటలమీద, కన్ను సూక్ష్మదర్శినికి అంటి, తల కదల్పరాదు. శుక్లముల శిబిరము నాడు వారి వీపుకు ఆనుకొనుటకు ఏమియు నుండదు. స్టూలు ఎత్తు సరిచేసి, కంటిగొట్టమును తమవైపు వంచుకొన్నచో సగము నొప్పి తగ్గును. మరమనిషి చేతులతో ఆపరేషను చేయు యంత్రములు వచ్చినవి గదా, వాటిలో సర్జను కుర్చీలో కూర్చుండును గదా యని అడుగవచ్చును. కూర్చుండును, తల మాత్రము యంత్రపు గూటిలో వంచియే యుంచును. కోట్ల రూపాయల యంత్రమునకు కూడ కుర్చీ ఎత్తు సరిచూచుకొనక తప్పదు.

మా బంధువును చూచిన ఆ వైద్యుని ఈమధ్య మరల కలిసితిమి. మెడ కొంత నయమట. థియేటరులో ఏమి మార్చితిరని అడుగగా, తెరను ఎదుటికి తెప్పించితిననియు, ఊరి వడ్రంగిచేత జానెడు ఎత్తు పీటలు మూడు చేయించి, కడుగుటకు వీలుగా వాటిపై రేకు తొడిగించితిననియు చెప్పెను. మొదటివారము వాటిని ఎవరును ఎక్కలేదట. రెండవవారము తాను, పొడుగరియైనను, ఒకదానిమీద ఒక కాలు పెట్టి నిలిచెనట, నడుము బరువు మార్చుకొనుటకు. అప్పటినుండి పీటలు మూడును ఖాళీగా నుండుటలేదు, నాలుగవది చేయుచున్నారు.